బొద్దింకయు శ్రావక ధర్మమును

శ్రీ వీతరాగాయ నమః

అహింస యనగానే పలువురికి పెద్ద విషయములే తోచును. మాంసము ముట్టకుండుట, వేట మానుట, పశుబలిని వారించుట మొదలైనవి. ఇవి యన్నియు మంచివే. కాని తరతరములుగా మాంసమెరుగని వంశమున పుట్టినవానికి మాంసము మానుట తపస్సు కాదు, అలవాటు. అట్టివాని వ్రతమునకు పరీక్ష వేరొక చోట జరుగుచుండును. రాత్రి రెండు జాములు గడచిన పిమ్మట మంచినీళ్లకై వంటింటిలోనికి పోయి దీపము వేయును. పొయ్యిగట్టు మీద పది బొద్దింకలు నలుదిక్కులకు పరుగెత్తును. చేతికందినది చీపురో, చెప్పో! ఆ క్షణమున వాని మనస్సు ఎట్లుండునో అదియే వాని అహింసావ్రతము యొక్క నిజమైన విలువ.

ప్రతి చాతుర్మాసమునందును సాధుమహారాజుల యెదుట శ్రావికలు పెట్టు ప్రశ్న యిది: "చంపరాదందురు. ఇంటినిండ పెరుగనిచ్చిన పిల్లలకు జబ్బులందురు. మరి మేమేమి చేయవలెను?" ఇది ఎగతాళి ప్రశ్న కాదు. యానాము, బరంపురము, చెన్నపట్నము వంటి తేమగల ఊళ్లలో ఇల్లు నడపు ప్రతి తల్లికిని నిత్యము ఎదురగు చిక్కు. దీనికి సమాధానము కావలెనన్న రెండు సంగతులు తెలియవలెను. ఆ జీవి యెట్టిది, ఆ వ్రతమెట్టిది. ఒకటి తెలిసి రెండవది తెలియనిచో తప్పుదారియే.

జీవులను ఇంద్రియములనుబట్టి ఐదు తరగతులుగా జైనశాస్త్రము విభజించినది. స్పర్శ యొక్కటియే గల వృక్షాదులు ఏకేంద్రియములు. వానపాము, శంఖము మొదలగునవి ద్వీంద్రియములు. చీమ, పేను మొదలగునవి త్రీంద్రియములు. ఈగ, దోమ, తేనెటీగ, తేలు మొదలగునవి చతురింద్రియములు. కన్నులుగల బొద్దింక యీ నాల్గవ తరగతిలోనిది. స్పర్శ, రుచి, వాసన, చూపు దానికి కలవు. భయము కలిగినప్పుడు కదలి పారిపోవు శక్తి గలది గనుక అది త్రసజీవి. సంకల్పించి త్రసజీవిని చంపననుటయే శ్రావకుని మొదటి అణువ్రతము. కావున బొద్దింక యీ వ్రతమునకు బయటిది కాదు. అసహ్యముగ నుండు జీవికి వేరొక చట్టము లేదు.

ఇక లోకశాస్త్రము చెప్పునది వినవలెను. ఇండ్లలో కనబడు బొద్దింకలు ముఖ్యముగా మూడు రకములు. మొదటిది పెద్దది, ఎరుపు కలిసిన గోధుమరంగుది. ఒకటిన్నర అంగుళము పొడవుండును. దీనిని అమెరికా బొద్దింక యందురు. ఇది కాలువలు, మరుగుదొడ్ల తూములు, చీకటి గిడ్డంగులు తన నెలవుగా చేసికొని రాత్రివేళ ఇంటిలోనికి వచ్చును. రెండవది చిన్నది, సుమారు అర అంగుళముండును. లేత గోధుమరంగు, తలవెనుక రెండు నల్లని చారలు. దీని పేరు జర్మను బొద్దింక. ఇది వంటిల్లు విడిచి పోదు. పొయ్యిగట్టు సందులు, శీతలపెట్టె వెనుకనుండు వెచ్చని యంత్రభాగము, మిక్సీ అడుగు దీనికి ఇష్టము. మూడవది కూడ చిన్నదే, రెక్కలపై అడ్డపట్టీలు కలది. బీరువాలు, పటముల వెనుకభాగములు, అటకల వంటి పొడిచోట్ల నుండును. జర్మను బొద్దింక యను పేరు విని అది పరదేశపు పురుగని తలపరాదు. దాని పూర్వులు సుమారు 2,100 సంవత్సరముల క్రిందట భారతదేశమునందో బర్మాయందో మనుష్యుల యిండ్లు చేరినవని 2024లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన తేల్చినది. అనగా ఇంటి బొద్దింక గృహస్థుని వంటింటికి రెండువేల యేండ్ల అతిథి.

ఏ గదిలో ఏ రకము తిరుగుచున్నదో గుర్తించుట మొదటి పని. పెద్ద బొద్దింక కనబడినచో తూమువైపు చూడవలెను. చిన్న చారల బొద్దింక కనబడినచో పొయ్యివైపు చూడవలెను. మిరియపు పొడి చల్లినట్లు నల్లని రెట్ట, సందులయందు చిన్న గింజలవంటి గుడ్లతిత్తులు, ఒకవిధమైన మడ్డివాసన — ఇవి గురుతులు. పగటివేళ కూడ తిరుగుచున్నచో దాగుచోట్లు నిండిపోయినవని అర్థము.

సమస్త సంసారి జీవులకును ఆహారము, భయము, మైథునము, పరిగ్రహము అను నాలుగు సంజ్ఞలు కలవని ఆగమములు చెప్పుచున్నవి. బొద్దింక విషయమున ఈ నాలుగింటిని ఒక్కొక్కటిగ పరిశీలించిన గృహస్థునకు దారి తానే కనబడును.

ఆహారసంజ్ఞ: బొద్దింక తినని వస్తువు అరుదు. అన్నపుమెతుకు, నూనెజిడ్డు, పిండి, సబ్బు, పుస్తకముల అట్టలకు పూసిన మైదాజిగురు కూడ దానికి భోజనమే. కాని జర్మను బొద్దింక ఆహారము లేక వారములు గడపగలదుగాని నీరు లేక రెండు వారములు మించి బ్రతుకుట కష్టము. కావున దానిని ఇంటికి రప్పించునది ముఖ్యముగా తడి.

భయసంజ్ఞ: దాని వెనుకనుండు రెండు చిన్న తోకలు గాలి కదలికను పసిగట్టును. అందుచేతనే చేయి లేవగానే పరుగెత్తును. అమెరికా బొద్దింక మూడు మిల్లీమీటర్ల సందులో శరీరమును అణచుకొని దూరిపోగలదని 2016లో శాస్త్రజ్ఞులు చూపిరి. తనను కాపాడుకొనవలెనను తపన ఆ చిన్నప్రాణికెంత గలదో చూడుడు! చావునకు భయపడు జీవియని తెలియుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

మైథునసంజ్ఞ: జర్మను బొద్దింక యొక్క ఒక గుడ్లతిత్తిలో ముప్పది నుండి నలుబది గుడ్లుండును. ఒక ఆడుది తన జీవితమున నాలుగైదు తిత్తులు, ఒక్కొక్కప్పుడంతకు మించియు పెట్టును. గుడ్డు నుండి యీడేరుటకు రెండు మూడు నెలలు చాలును. వర్తకులు ఈ లెక్క తామే వేసికొనవచ్చును. తిత్తికి ముప్పదియని, తిత్తులు నాలుగని తక్కువగనే తీసికొన్నను ఒకదానికి 120. అందు సగము ఆడువి, అనగా 60. ఆ అరువదింటికి 120 చొప్పున 7,200. అన్నియు బ్రతుకవు గనుక ఇది కాగితము మీది లెక్క. అయినను చక్రవడ్డీ యెట్టిదో దీనిచేత తెలియును. నేడు ఊడ్వక విడిచిన మెతుకు, ఆరు నెలల పిమ్మట వేలకొలది ప్రాణుల హింసకు వ్రాసియిచ్చిన నోటు వంటిది.

పరిగ్రహసంజ్ఞ: వెచ్చదనము, చీకటి, ఇరుకు — ఈ మూడును దొరకిన చోటును అది తనదిగ పట్టుకొనును. పాత అట్టపెట్టెలు, కట్టలు విప్పని పత్రికలు, పనికిరాని గోనెసంచులు ఇంటిలో ఎవరు పోగుచేసిరి? గృహస్థుని పరిగ్రహమే బొద్దింక పరిగ్రహమునకు ఆధారము. అతడు అక్కరలేనిది విడిచిన అది తన నివాసమును విడుచును.

ఈ నాలుగింటిని చూచిన పిమ్మట విషము మాట విచారింపవలెను. బజారులో సుద్దముక్కలు, జిగురుమందులు, చిమ్ముమందులు దొరకుచున్నవి. మందుపూసిన మెతుకు పెట్టి చంపుట అన్నిటికన్న తేలిక. కాని శ్వేతాంబర ఆగమమగు జ్ఞాతాధర్మకథలో ధర్మరుచి యను ముని వృత్తాంతము కలదు. చంపానగరమున నాగశ్రీ యను గృహిణి పొరపాటున చేదు ఆనపకాయ కూర వండెను. రుచి చూడగా అది విషతుల్యముగ నుండెను. అవమానమగునని దాచివేసెను. నెలదినములు ఉపవసించి పారణకై ధర్మరుచి ముని భిక్షకు రాగా, పారబోయు శ్రమ తప్పెనని ఆ కూరనంతయు ఆయన పాత్రలో పోసెను. గురువు ధర్మఘోషుడు దానిని పరీక్షించి, ఇది ప్రాణాంతకము, నిర్జీవమైన చోట విడిచిరమ్మని పంపెను. ముని యొక్క చుక్క నేలపై విడిచి చూచెను. వాసనకు చీమలు వేలకొలది వచ్చినవి. తిన్నవి తిన్నట్లే చచ్చినవి. ఒక్క చుక్కకే యింత హింసయైనచో పాత్రెడు కూరకు ఎంత యగును? నిర్జీవమైన చోటు ఈ లోకమున ఎక్కడ దొరకును? తన కడుపే తగిన చోటని నిశ్చయించి ఆ కూరనంతయు తానే భుజించి సమాధిమరణము నొందెను.

మునిధర్మము వేరు, గృహస్థధర్మము వేరు. శ్రావకుడు బొద్దింకకై ప్రాణమియ్యవలెనని ఎవరును చెప్పరు. కాని ఒక సంగతి మాత్రము ఆలోచింపవలెను. ఏ చీమలకు విషము తగులునని ఆ మహాముని తన ప్రాణమునే విడిచెనో, అట్టి ప్రాణులకే శ్రావకుడు కొని తెచ్చి, మూలమూలన పెట్టి, విషమును వడ్డించుచున్నాడు. ఆయన అడ్డగించిన చుక్కను ఇతడు రూపాయలిచ్చి తెచ్చుచున్నాడు. ఆయన శిష్యసంప్రదాయమున పుట్టి యీ పని ఎట్లు చేయగలడు?

"నేను చంపుట లేదు, మందుకొట్టువాడు చంపుచున్నాడు" అనుట కొందరికి ఊరట. ఈ మాట శాస్త్రముముందు నిలువదు. కృతము, కారితము, అనుమోదితము అని మూడు విధములు. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానికి సంతోషించుట. మూడింటికిని ఖాతా యొకటే. గుమాస్తా చేత వ్రాయించినంత మాత్రాన అప్పు యజమానిది కాకపోవునా?

మరికొందరు విరోధీహింస యను పేరు చెప్పుదురు. సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని హింస నాలుగు విధములు. ఇందు గృహస్థుడు సంపూర్ణముగ విడువవలసినది సంకల్పీహింస. వంట, ఊడ్పు మొదలగు పనులలో అనివార్యముగ జరుగునది ఆరంభీ. వృత్తిలో జరుగునది ఉద్యోగీ. మీదపడిన శత్రువు నుండి తన్ను, తనవారిని కాచుకొనుటలో జరుగునది విరోధీ. బొద్దింక మీదపడిన శత్రువా? అది కత్తి పట్టి రాలేదు. మెతుకు, తడి, చీకటి చూపి పిలిచినవాడు గృహస్థుడు. పిలిచి విందుపెట్టి, వచ్చినవానిని విరోధియని చంపుట ఏ ధర్మశాస్త్రమునందును లేదు.

అట్లని "అహింసాపరులము గనుక వానిని అట్లే ఉండనిత్తుము" అనుటయు ధర్మము కాదు. ఇది కరుణవలె కనబడు సోమరితనము. బొద్దింక మురికికాలువలో నడచి పెరుగుగిన్నెపై నడచును. కడుపునొప్పి, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులను కాళ్లతో మోయును. దాని రెట్ట, విడిచిన పొరల పొడి గాలిలో కలిసి కొందరు పిల్లలకు ఉబ్బసమును హెచ్చించునని వైద్యులు స్థిరపరచిరి. పసిబిడ్డ ఊపిరి ఆడక బాధపడుచుండ ఊరకుండుట పంచేంద్రియజీవికి చేయు అపకారము. హింసకు మూలము ప్రమాదము, అనగా అజాగ్రత్త యని తత్త్వార్థసూత్రము బోధించుచున్నది. అనర్థదండములలో ప్రమాదచర్య యొకటి. నేతిగిన్నె, నూనెగిన్నె మూతలేక ఉంచుట ఇట్టిదేయని పెద్దలు హెచ్చరించిరి. మూత పెట్టనిది గిన్నెకు కాదు, పాపమునకు.

ఇంకొక సందేహము గలదు. ఆహారము దొరకకుండ చేయుట అహింసాణువ్రతపు అతిచారములలో నొకటియగు అన్నపాననిరోధము కాదా? కాదు. కట్టివేసిన పశువునకు, తనపై ఆధారపడిన సేవకునకు తిండి ఆపుట ఆ అతిచారము. బొద్దింక కట్టువడిన జీవి కాదు. ఒక యింట దొరకనిచో వేరొక చోటికి పోవుటకు స్వేచ్ఛ గలది. ద్వారము మూయుట వేరు, గొంతు నులుముట వేరు.

ఆచరణలో మొదటిది రాత్రిభోజనత్యాగము. బొద్దింక సంచారము రాత్రివేళ. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించి, వెలుతురుండగనే పాత్రలు తోమి, గట్టు తుడిచి, వంటిల్లు ఆరబెట్టిన యింట చీకటిపడిన పిమ్మట దానికి దొరకునదేమి? పూర్వులు విధించిన యీ నియమములో ఆత్మరక్షణయు ప్రాణిరక్షణయు రెండును కలవు. కాని నేడు పలు ఇండ్లలో దీపము వెలిగిన పిమ్మట భోజనము, తెల్లవారినదాక తొట్టిలో ఎంగిలిపాత్రలు. ఎంగిలిని రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు దాటనీయరాదని ఆచారము. పళ్లెము కడిగిన నీటిని త్రాగివేయు నియమము గలవారిని చూచి నవ్వు పిల్లలకు దానిలోని జీవదయను తల్లులు బోధింపవలెను.

రెండవది నీరు. కారుచున్న కొళాయి బాగుచేయించుట, రాత్రి పడుకొనుముందు తొట్టిని పొడిగుడ్డతో తుడుచుట, శీతలపెట్టె క్రింది నీటిపళ్లెమును పారబోయుట, తడిమసిగుడ్డను లోపల వ్రేలాడదీయక బయట ఆరవేయుట. నీటిని గాలించి త్రాగు జాతికి నీటిని తుడుచుట భారమా?

మూడవది సందులు మూయుట. గోడకును గట్టుకును మధ్యనుండు పగుళ్లను సిమెంటుతో పూడ్చవలెను. పూడ్చుముందు పలుచని అట్టముక్కతోను మెత్తని కుంచెతోను లోపలివానిని బయటికి రప్పించవలెను. లేనిచో సజీవసమాధి చేసినట్లగును. తూములకు సన్నని జాలీమూతలు పెట్టి రాత్రివేళ మూయవలెను. కొందరు తూములో సలసలకాగు నీరు పోయుదురు. ఇది కేవలము హింస. జాలీ చేయు పనిని కాగునీరు చేయజాలదు.

నాలుగవది వచ్చు సరుకు. అంగడి నుండి వచ్చు అట్టపెట్టెల మడతలలోను, గోనెసంచుల కుట్లలోను గుడ్లతిత్తులు వచ్చును. సామాను బయటనే విప్పి డబ్బాలకెత్తి, పెట్టెను లోనికి తేకుండవలెను. ఏటి శుభ్రత దీపావళికి చేయుట వాడుక. కాని అప్పటికి వానకాలపు సంతతి పెరిగియుండును. ఊడ్పులో హింస అధికము. ఆషాఢమున చాతుర్మాసము మొదలగుటకు ముందే అటకలు, బీరువాలు దులుపుట జయణకు తగిన పని.

ఇదివరకే నిండిపోయిన యిల్లైనచో పట్టి విడుచు ఉపాయము కలదు. నున్నని లోతైన గాజుసీసా తీసికొని, లోపలి అంచున నేయి గాని నూనె గాని పూయవలెను. బయట గుడ్డ చుట్టిన ఎక్కివచ్చుటకు పట్టు దొరకును. లోపల అరటిపండు ముక్క వేసి రాత్రి మూలనుంచిన, దిగినవి జిడ్డునుబట్టి తిరిగి ఎక్కజాలవు. తెల్లవారగనే తీసికొనిపోయి ఇండ్లకు దూరముగా ఎండుటాకుల గుట్టయో పేడయెరువు గుంటయో యున్న నీడపట్టున విడువవలెను. ప్రక్కయింటి ప్రహరీ దాటించుట జీవదయ కాదు. పెద్ద బొద్దింక బయట బ్రతుకగలదు. చిన్న జర్మను బొద్దింక మనుష్యుల నివాసము విడిచి బ్రతుకుట కష్టము. ఈ నిజమును దాచరాదు. కావున పట్టివిడుచుట గొప్పగ చెప్పుకొనదగిన పని కాదు. పుట్టుకకు అవకాశమీయకుండుటయే ఉత్తమము. పట్టుట దాని తరువాతిది. వేపాకు, బిరియానీ ఆకు మొదలగువాని వాసన కొంత తొలగించునేమోగాని మెతుకుండగా వానివలన ఫలము స్వల్పము.

ఇవి నెలదినములు విడువక చేసిన తగ్గుదల కనబడును. విషమో? ఒకనాడు తగ్గించి మరల హెచ్చించును. చావక మిగిలినవాని సంతతి ఆ మందునకు లొంగదు. 1950వ దశకపు తొలి యేండ్లలోనే అమెరికా దేశపు టెక్సాసులో క్లోర్డేను అను మందునకు జర్మను బొద్దింకలు లొంగకుండుట కనుగొనబడినది. తరువాత వచ్చిన మందులకును అదే గతి పట్టినది. విషముతిన్న బొద్దింకను బల్లి తినవచ్చును. బల్లి పంచేంద్రియజీవి. సుద్దగీతపై ప్రాకు పసిబిడ్డ చేయి నోటికే పోవును.

వర్తకులకు ఒక మాట. భోజనపదార్థములు అమ్మువారు పురుగులు లేని చోటునే వాడవలెనని ఆహారభద్రతా నియమములు విధించినవి. సరుకును గోడకానించక చెక్కబల్లలపై పేర్చుట, రాలిన గింజను ఏపూట కాపూట ఎత్తుట, ఖాళీసంచులను వెంటనే పంపివేయుట అంగడికిని మేలు, వ్రతమునకును మేలు. విషవాణిజ్యము పదునైదు కర్మాదానములలో నొకటి. లాభము వచ్చుచున్నదని పురుగుమందు పెట్టెను అంగడిలో పెట్టు శ్రావకుడు ఈ మాట తలచుకొనవలెను. చిట్టాలు, ఆవర్జాల అట్టలను బొద్దింక కొరుకును. జ్ఞానపంచమినాడు గ్రంథములను తీసి, దులిపి, గాలికి పెట్టు ఆచారము లెక్కపుస్తకములకు కూడ అన్వయించిన ఏటికొకసారి పాతకాగితములు తగ్గును.

ఇంత చేసినను చీపురు క్రింద ఒకటి నలుగవచ్చును. తలుపు సందున ఒకటి చావవచ్చును. జయణతో నడచినవానికిని ఇట్టిది తప్పదు. అందులకే ప్రతిక్రమణమున ఏకేంద్రియము మొదలు పంచేంద్రియము వరకు పేరుపేరున తలచి, నడచునప్పుడు నలిగిన ప్రతి జీవిని క్షమాపణ కోరుట విధింపబడినది. ఆ పట్టికలో చతురింద్రియము కూడ కలదు. సాయంకాలము ఆ పలుకులు పలికి రాత్రి చెప్పు నెత్తువాని క్షమాపణ ఎవరికి చేరును? కావున ఈ పర్యూషణమునకు ఒక్క నియమము చేసికొనుడు. దీపము పెట్టుసరికి వంటింటిలో తడి యుండరాదు, ఎంగిలి యుండరాదు, మూతలేని గిన్నె యుండరాదు. ఇది ఉపవాసమంత కష్టము కాదు. కాని దీనివలన పుట్టకయే తప్పిన హింస ఎంతయో ఏ చిట్టాకును అందదు.

జై జినేంద్ర.